తలకెక్కిన టార్చిలైటు

పల్నాడులో రాత్రిపూట డొంకదారిలో ఒక వెలుగు చుక్క అటూ ఇటూ ఊగుతూ వస్తుంటే అది కొరివిదెయ్యం అనుకోకండి. నీళ్ళు కట్టడానికి పోతున్న రైతు. సైకిలు హ్యాండిలుకి అడ్డంగా పెట్టిన పార, నెత్తికి చుట్టిన తువ్వాలు, ఆ తువ్వాల్లో చెవి పక్కన దోపిన టార్చిలైటు. జారిపోకుండా పైన పాత సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీ. అంతే. దీనికి పేటెంటు లేదు, పేరు లేదు, కనిపెట్టినవాడెవడో ఎవరికీ తెలీదు. నరసరావుపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా "ఇందులో కనిపెట్టేదేముంది అబ్బాయ్, రెండు చేతులూ ఖాళీగా ఉండాల గదా" అంటారు.

ఈ మధ్య మన ఐటీ జనాలకి సైక్లింగు పిచ్చి బాగానే పట్టింది (మంచిదే లెండి, పొట్టలు చూస్తున్నాం కదా). హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023 అక్టోబరులో మొదలైన దగ్గర్నుంచీ తెల్లారుజామున బయల్దేరే బ్యాచ్‌లు ఎక్కువయ్యాయి. వీళ్ళ మాటల్లో సగం లైట్ల గురించే. ఎన్ని ల్యూమెన్లు, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, హెల్మెట్‌కి పెట్టాలా హ్యాండిలుకి పెట్టాలా. మామూలు టార్చిని కాస్త ఖర్చుతో హెల్మెట్ లైటుగా ఎలా మార్చుకోవాలని మా టీమ్‌లో ఒకాయన అడిగినప్పుడు, ఈ పని పల్నాడులో నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కదా అనిపించింది. సరే, అసలు మనిషి దీపాన్ని తల దాకా ఎలా ఎక్కించాడో చూద్దామని కూర్చుంటే, కథ ఎక్కడెక్కడికో పోయింది. బర్మింగ్‌హామ్, న్యూయార్కు, సింగరేణి, చివరికి భోపాల్ దాకా.

ముందు ఒక తేడా చెప్పాలి. తల మీద దీపం మొయ్యడం వేరు, తలకు దీపం కట్టుకోవడం వేరు.

మొదటిది మన దగ్గర చాలాకాలం ఉంది. దివిటీలు పట్టేవాళ్ళు, కాగడాలు పట్టేవాళ్ళు ముందు నడిస్తే వెనకాల దొరగారి పల్లకీయో దేవుడి రథమో వచ్చేది. 1910లో బెర్లిన్‌లో పెట్రోమాక్స్ లైటు పుట్టింది. కిరసనాయిలుని గాలి ఒత్తిడితో ఆవిరి చేసి మ్యాంటిల్‌ని తెల్లగా మండించే లైటు. అది మన దాకా వచ్చాక దివిటీ స్థానం తీసుకుంది. పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని రెండు వరసల్లో నడిచేవాళ్ళని మీలో చాలామంది చూసే ఉంటారు, కనీసం పాత సినిమాల్లో. ఆ వెలుగులో పెళ్ళికొడుకు మొహం కనిపించేది, బ్యాండు వాళ్ళు కనిపించేవాళ్ళు. మోసే మనిషి మాత్రం ఆ వెలుగు కింద చీకట్లోనే ఉండేవాడు. దీపం కింద చీకటి అన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ లైటు అతని దారి కోసం కాదు, ఇంకొకరి దర్జా కోసం.

మా వైపు దీనికి ఇంకో పెద్ద ఉదాహరణ కోటప్పకొండ తిరునాళ్ళు. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పోటీలు పడి కట్టే విద్యుత్ ప్రభలు చూశారు కదా, ఆకాశాన్నంటేట్టు ఎత్తుగా, ఒళ్ళంతా రంగు బల్బులతో. జనరేటరు ఒక పక్క రొద పెడుతుంటే ప్రభ పగటిలా వెలిగిపోతుంది. దాన్ని చూసి ఇంటికి తిరిగెళ్ళే సైకిలాయన మాత్రం చీకట్లోనే వెళ్ళాలి. తప్పు పట్టడానికి చెప్పట్లేదు, ప్రభ అంటే నాకూ ఇష్టమే. వెలుగు ఎక్కడ పోగవుతుందో, ఎక్కడికి చేరదో చెప్పడానికి అన్నానంతే.

ఇహ సైకిలు సంగతి. 1870ల్లో ఇంగ్లండులో పెద్ద ముందు చక్రం ఉన్న ఎత్తు సైకిళ్ళు తిరుగుతున్న రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ అని ఒకాయన ఉండేవాడు. మొదట్లో బండి మీద కిరసనాయిలు అమ్ముకునేవాడు. నూనె అమ్మేవాడికి దీపం అమ్మాలన్న ఆలోచన రావడం సహజమే కదా. 1879 ప్రాంతంలో 'కింగ్ ఆఫ్ ది రోడ్' అన్న పేరుతో సైకిల్ దీపం తెచ్చాడు. చక్రం మధ్యలో ఇరుసుకి వేలాడే నూనె దీపం అది. తరవాతి రోజుల్లో కార్లకీ మోటారుసైకిళ్ళకీ లైట్లు చేసిన లూకాస్ కంపెనీ మూలం ఇదే.

నూనె దీపం ఎంత వెలుగిస్తుందో మనకి తెలుసు. దీపం ఉందని అవతలివాడికి తెలుస్తుంది, అంతే. దారి కనపడాలంటే ఇంకా గట్టి వెలుగు కావాలి. అది కార్బైడు రూపంలో వచ్చింది. 1892లో అమెరికాలో థామస్ విల్సన్, ఫ్రాన్స్‌లో హెన్రీ మొయిసాన్ ఎవరికి వారు కాల్షియం కార్బైడుని ఎలక్ట్రిక్ కొలిమిలో తయారుచేసే పద్ధతి కనుక్కున్నారు. దీని మీద నీటి చుక్క పడితే ఎసిటిలీన్ గ్యాసు వస్తుంది, వెలిగిస్తే తెల్లటి మంట. పైన నీళ్ళ డబ్బా, కింద కార్బైడు డబ్బా, మధ్యలో చుక్క చుక్క పడేట్టు ఒక మర. 1890ల చివరికల్లా సైకిళ్ళకి కార్బైడు దీపాలు వచ్చేశాయి. 1900లో అమెరికాలో ఫ్రెడరిక్ బాల్డ్విన్ దీనికి పేటెంటు తీసుకుని, తరవాత గని కార్మికుల టోపీకి తగిలించే చిన్న దీపంగా మార్చాడు. తలకు దీపం కట్టుకోవడంలో ఇది పెద్ద మెట్టు. కార్బైడు అంటే మనకి కొత్తేం కాదు, మామిడికాయలు మగ్గబెడతారని తిట్టుకునేది దీన్నే (2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం అలా మగ్గబెట్టడం నిషేధం, పాటించేదెంతో మీకే తెలుసు).

మంట పనికిరాని చోటు ఒకటుంది. బొగ్గు గని. అక్కడ మీథేన్ ఉంటుంది, నిప్పు తగిలితే పేలిపోతుంది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి లోహపు జల్లెడ పెట్టి భద్రత దీపం చేశాడు గానీ దాన్ని చేత్తో పట్టుకోవాలి, పైగా వెలుగు తక్కువ. 1912లో వెస్ట్ వర్జీనియాలో జెడ్ గనిలో పేలుడు జరిగి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదాన్ని చూసిన జాన్ ర్యాన్, జార్జ్ డైకీ అనే ఇద్దరు మైనింగ్ ఇంజినీర్లు థామస్ ఎడిసన్ దగ్గరకెళ్ళి మంట లేని దీపం కావాలన్నారు. 1914లో ఎడిసన్ క్యాప్ ల్యాంపు తయారయింది. బల్బు తల మీద, బ్యాటరీ నడుముకి, మధ్యలో ఒక తీగ. ఆ ఇద్దరూ పెట్టిన కంపెనీయే ఇప్పటి ఎంఎస్‌ఏ.

మన తెలుగు నేల మీద ఈ డిజైనుకి చిరునామా సింగరేణి. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలు గుర్తించాడు, 1889లో తవ్వకాలు మొదలయ్యాయి, 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. గనుల్లో క్యాప్ ల్యాంపు పద్ధతి భలే ఉంటుంది. ప్రతి దీపానికీ ఒక నంబరు. షిఫ్టుకి దిగేముందు ల్యాంపు రూములో తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. ఇంకా ఎవరు లోపల ఉన్నారో లెక్క దాన్నిబట్టి తెలుస్తుంది. దీపం తిరిగి రాలేదంటే మనిషి తిరిగి రాలేదని అర్థం. మన భాషలో చెప్పాలంటే అది లైటూ, లాగిన్ ఐడీ రెండూ. పెట్రోమాక్స్ మోసే మనిషికీ ఈయనకీ తేడా చూడండి. ఇక్కడ దీపం పనివాడి కోసమే ఉంది, అతను క్షేమంగా ఉన్నాడా లేదా అని లెక్క కూడా చూస్తోంది.

ఇప్పుడు టార్చిలైటు. బ్యాటరీ అంటే మొదట్లో సీసాలో ద్రవం. సైకిలు మీద పెట్టుకుంటే తొణికిపోతుంది. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ద్రవాన్ని ముద్దలా చేసి జింకు డబ్బాలో పెట్టి 'పొడి' బ్యాటరీ చేశాడు. 1896లో అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ దాన్ని పెద్దఎత్తున అమ్మడం మొదలెట్టింది. న్యూయార్కులో డేవిడ్ మిసెల్ అనే ఇంగ్లీషాయన గొట్టంలో మూడు బ్యాటరీలు వరసగా పెట్టి, ముందు బల్బు, వెనక రిఫ్లెక్టరు అమర్చి 1899 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పనిచేసింది కాన్రాడ్ హ్యూబర్ట్ అనే రష్యా వలసదారు కంపెనీలో. గమ్మత్తేంటంటే ఆ కంపెనీ సైకిలుకి పెట్టుకునే ఎలక్ట్రిక్ లైట్లు కూడా అమ్మేది. అంటే టార్చిలైటు, సైకిల్ లైటు రెండూ ఒకే బల్ల మీద పెరిగిన అన్నదమ్ములు. మనం ఇప్పుడు టార్చిని సైకిలుకో హెల్మెట్‌కో కట్టుకోవడమంటే విడిపోయిన అన్నదమ్ముల్ని కలపడమే.

అప్పటి బ్యాటరీలు కాసేపు వెలిగిస్తే నీరసించేవి, ఆపి విశ్రాంతి ఇవ్వాలి. అందుకే అమెరికాలో దానికి ఫ్లాష్ లైటు అని పేరొచ్చింది. బ్రిటిష్ వాళ్ళు టార్చి అన్నారు, అంటే కాగడా. మనకి వాళ్ళ మాటే వచ్చింది. ఈ హ్యూబర్ట్ కంపెనీ సరుకు పేరే ఎవరెడీ.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చూడండి. 1898లో కార్బైడు తయారీకి ఒక కంపెనీ పుట్టింది, పేరు యూనియన్ కార్బైడ్. 1914లో ఎవరెడీని నేషనల్ కార్బన్ కొనేసింది. 1917లో నేషనల్ కార్బన్, యూనియన్ కార్బైడ్, ఇంకొన్ని కంపెనీలు ఒకటయ్యాయి. అంటే గని కార్మికుడి తలమీది కార్బైడుకీ, మన చేతిలోని టార్చిలైటుకీ తల్లి కంపెనీ ఒకటే అయిపోయింది. మన దేశంలోకి ఎవరెడీ బ్యాటరీలు 1905 నుంచే దిగుమతయ్యేవి. 1934లో ఇక్కడ కంపెనీ పెట్టారు, ఆ తరవాత కలకత్తాలో ఫ్యాక్టరీ, 1958లో లక్నోలో టార్చిలైట్ల ఫ్యాక్టరీ. 1959లో కంపెనీ పేరు యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. మన తాతల ఇళ్ళల్లో ఇత్తడి టార్చిలైట్లు ఉండేవి చూడండి, 'జీవన్ సాథీ' అని, అవి వీళ్ళవే. నిజంగానే జీవితాంతం ఉండేవి. అటకమీంచి తీసి తోమితే ఇప్పటికీ వెలుగుతాయి.

అదే కంపెనీ భోపాల్‌లో సెవిన్ అనే పురుగుమందు తయారుచేసింది. పత్తి పురుగుకి వాడే మందు. పత్తి అంటే పల్నాడుకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సెవిన్ తయారీకి వాడే మిథైల్ ఐసోసయనేట్ 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక బయటికొచ్చి వేలమంది ప్రాణాలు తీసింది. 1994లో ఆ అమెరికా కంపెనీ భారతీయ కంపెనీలో తన వాటా అమ్ముకుని వెళ్ళిపోయింది. ఆ డబ్బుతో భోపాల్‌లో ఆసుపత్రి కట్టారు. కొన్నవాళ్ళు కంపెనీ పేరుని ఎవరెడీగా మార్చారు. తువ్వాల్లో దోపిన ఆ టార్చిలైటు వెనకాల ఇంత చరిత్ర ఉంది. లైటు వాడుకున్నందుకు రైతు సిగ్గుపడాలని కాదు నా ఉద్దేశం. చీకట్లో దారి చూపిన కంపెనీయే ఇంకో ఊరిని చీకట్లో ముంచింది, రెండూ ఒకే ఖాతా పుస్తకంలో ఉన్నాయి అన్నది మర్చిపోకూడదనే.

(అన్నట్టు మన తెలుగువాళ్ళ బ్యాటరీ కూడా ఒకటుంది. నిప్పో. 1972లో జపాన్ మత్సుషితా సహకారంతో అప్పటి నెల్లూరు జిల్లాలో మొదలైన ఇండో నేషనల్ కంపెనీది. నెల్లూరోళ్ళు ఎవరైనా ఉంటే కాలరెగరేసుకోవచ్చు.)

టార్చి సైకిలు మీదికి రాకముందు మనవాళ్ళు సైకిలుకి ఏం పెట్టుకునేవాళ్ళు? మొదట కిరసనాయిలు దీపం, తరవాత డైనమో. టైరుకి ఆనుకుని తిరిగే సీసా ఆకారం డైనమో తెలుసు కదా. 6 వోల్టులు, 3 వాట్లు. గట్టిగా తొక్కితే గట్టి వెలుగు, ఆగితే ఆరిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు నెమ్మదిస్తుంది, లైటు కూడా నీరసపడుతుంది. గుంతల దగ్గర నెమ్మదిగా పోవాలి, సరిగ్గా అప్పుడే వెలుగు తగ్గుతుంది. అవసరమైనప్పుడే పనిచెయ్యని సిస్టమ్ అన్నమాట (మనకి అలాంటివి అలవాటేగా).

అయినా ఆ రోజుల్లో సైకిలుకి లైటుండటం చట్టం. మా తాతయ్య చెప్పేవాడు, చీకటి పడ్డాక లైటు లేకుండా పోతే పోలీసాయన ఆపి చక్రాల్లో గాలి తీసేవాడట. లేదా కేసు, జరిమానా. మన పట్టణాల్లో చాలాచోట్ల సైకిలుకి ఏటా లైసెన్సు బిళ్ళ కూడా ఉండేది. జనం ఊరుకుంటారా? కాగితం పొట్లంలో కొవ్వొత్తి పెట్టుకుని తొక్కినవాళ్ళున్నారు, ఒక చేత్తో టార్చి పట్టుకుని ఒక చేత్తో తొక్కినవాళ్ళున్నారు. దూరంగా టోపీ కనపడగానే దిగి నడిపించుకుంటూ పోయేవాళ్ళు, నడిపిస్తే కేసు లేదు కాబట్టి. సర్కిల్ దాటాక మళ్ళీ ఎక్కడమే.

ఈ కథలు చెప్పుకుని నవ్వుకుంటాం గానీ నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. అప్పట్లో రోడ్డు మీద వేగంగా పోయేది సైకిలు. కాబట్టి సైకిలు వల్ల నడిచేవాడికి ప్రమాదం అని లైటు అడిగారు. తరవాత లారీలు, బస్సులు, కార్లు వచ్చాయి. ఇప్పుడు ప్రమాదం సైకిలు వల్ల కాదు, సైకిలు తొక్కేవాడికి. సరిగ్గా ఆ సమయానికే సైకిల్ లైటు సంగతి అందరూ మర్చిపోయారు. లైసెన్సు బిళ్ళా పోయింది, లైటూ పోయింది, డైనమో అంగళ్ళూ పోయాయి. లైటు ఎక్కువ అవసరమైన రోజుల్లో దాని గురించి అడిగేవాడే లేడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో సైకిలు వాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు పల్నాడుకొద్దాం. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక కుడికాలువ కింద మా వైపు నేల రూపమే మారిపోయింది. వరి, పత్తి, మిరప. కాలువ నీళ్ళకి రాత్రీ పగలూ తేడా లేదు, వంతు ఎప్పుడొస్తే అప్పుడు పోయి మడవ మార్చుకోవాలి. బోర్లు ఉన్నచోట కరెంటుతో ఇంకో బాధ. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం అయింది, రైతుకి పెద్ద ఊరట. కానీ ఆ కరెంటు చాలా ఏళ్ళు విడతలు విడతలుగా వచ్చేది, ఒక విడత రాత్రి. పొద్దున మనం ఆన్‌కాల్ డ్యూటీ అని గొణుక్కుంటాం కదా, పల్నాడు రైతుది ఏళ్ళ తరబడి ఆన్‌కాల్. కరెంటు వస్తే మోటారు దగ్గరికి పరుగు. ఇహ ఎండాకాలం మిరప కల్లాల దగ్గర కాపలా సరేసరి.

మడవ మార్చాలంటే పార రెండు చేతులతో పట్టాలి. స్టార్టరు డబ్బా తెరిస్తే ఒక చెయ్యి మూతకి, ఇంకోటి మీటకి. టార్చి ఎవరు పట్టుకోవాలి? నోట్లో పెట్టుకుంటే దవడ నొప్పి, చంకలో పెట్టుకుంటే వెలుగు ఎటో పోతుంది. కాబట్టి తలే గతి. గట్టు మీద కట్లపామో రక్తపింజరో ఉంటే ముందుగా కనపడాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా. ఎక్కువమంది పల్లెల్లోనే. దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే సేద్యం ముమ్మరంగా సాగే రోజుల్లో. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కాబట్టి ఆ తువ్వాల్లో టార్చి సరదా కాదు. సింగరేణి కార్మికుడికి కంపెనీ ఇచ్చే క్యాప్ ల్యాంపుని పల్నాడు రైతు తనకి తానే చేసుకున్నాడు. నంబరు మాత్రం లేదు. రాత్రి ఎంతమంది పొలానికెళ్ళారు, ఎంతమంది తిరిగొచ్చారు అని లెక్క చూసే ల్యాంపు రూము లేదు. ఇంట్లోవాళ్ళే ల్యాంపు రూము.

అక్కడ అమెరికాలో ఇదే పని ఇంకో దారిలో జరిగింది. 1975లో బెల్ కంపెనీ సైకిలు కోసమే హెల్మెట్ తెచ్చింది. 1981లో ఫ్రాన్స్‌లో పెట్జల్ కంపెనీ బల్బూ బ్యాటరీ రెండూ తలమీదే ఉండే లైటు తెచ్చింది, కొండలెక్కేవాళ్ళ కోసం. 1989లో శాన్‌డియాగోలో రాత్రిపూట సముద్రంలో సర్ఫింగు చెయ్యాలన్న సరదాతో తలకి లైటు కట్టుకున్న టామ్ క్యారల్ నైట్‌రైడర్ కంపెనీ పెట్టి సైకిలు లైట్లలోకొచ్చాడు. రాత్రింబవళ్ళు సాగే సైకిలు పందేలు 1992 నుంచి ఊపందుకున్నాక చాలామంది ప్లంబింగు గొట్టాల్లో హాలోజన్ బల్బులు బిగించి ఇంట్లోనే హెల్మెట్ లైట్లు చేసుకున్నారు. వాళ్ళది సరదా, మనవాళ్ళది అవసరం. డిజైను మాత్రం ఒకటే.

ఆ తరవాత అన్నీ మార్చేసింది ఎల్‌ఈడీ. 1993లో జపాన్‌లో నకమురా ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీ చేసి చూపించాక, 1996లో తెల్ల ఎల్‌ఈడీ అంగట్లోకి వచ్చింది. 1991లో సోనీ మొదలెట్టిన లిథియం అయాన్ బ్యాటరీ దీనికి తోడయింది. రెంటికీ నోబెల్ వచ్చింది, 2014లో ఒకటి, 2019లో ఒకటి. లెక్క చూడండి. పాత రెండు బ్యాటరీల టార్చిలో బల్బు 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు, అంటే ముప్పావు వాటు. పది ల్యూమెన్లు కూడా రావు. అదే ముప్పావు వాటు ఇవాళ్టి ఎల్‌ఈడీకిస్తే డెబ్భై దాటుతుంది. అప్పటి పెద్ద బ్యాటరీ ఒక్కోటి సుమారు వంద గ్రాములు, రెండు వేసి ఇత్తడి గొట్టం కలిపితే సైకిలు హెల్మెట్ అంత బరువు. మెడ విరిగేది. ఇప్పుడు నరసరావుపేటలో రెండు మూడొందలకే తలకి కట్టుకునే చార్జింగు లైటు దొరుకుతుంది. తువ్వాలు టార్చి వెనక్కి పోతోంది. పోనీండి, పోవాల్సిందే.

సరే, మా టీమ్ ఆయన ప్రశ్నకి జవాబు. మీరూ చేసుకోవచ్చు. సన్న బ్యాటరీ ఒకటో రెండో పట్టే చిన్న ఎల్‌ఈడీ టార్చి తీసుకోండి, పెద్దది వద్దు. హెల్మెట్ పైన గాలి కన్నాలు ఉంటాయి కదా, వాటి మధ్య పట్టీ మీద టార్చిని పడుకోబెట్టి, కింద చిన్న రబ్బరు ముక్క వేసి, పాత సైకిల్ ట్యూబు పట్టీతోనో వెల్క్రోతోనో కట్టండి. మరలు కొట్టకండి, హెల్మెట్‌కి కన్నం పెడితే అది హెల్మెట్ కాదు. జిగురుతో శాశ్వతంగా అతికించకండి. పడినప్పుడు లైటు ఊడి పక్కకి పోవాలి, తలలోకి దిగకూడదు. అందుకే ట్యూబు పట్టీ, నట్టూ బోల్టూ కన్నా మంచిది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి పీకిన సెల్స్ తలమీద పెట్టుకునే ప్రయోగాలు అసలే వద్దు. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో మనిషి చూసి, బ్రేకు వేసి ఆగడానికి సుమారు 14 మీటర్లు పడుతుంది. కాబట్టి వెలుగు కనీసం అంతకన్నా ముందు పడేట్టు వంచండి. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో పడనివ్వకండి. మీకు తెలీకుండానే మీరు ఎవర్ని చూస్తే వాళ్ళ కళ్ళల్లో కొడతారు. తల లైటుతో ఉన్న పెద్ద చిక్కు ఇదే.

ఇంకో చిక్కు. లైటు కంటికి దగ్గరగా ఉంటే గుంత నీడ మీకు కనపడదు. నీడలన్నీ వస్తువు వెనకాలే దాక్కుంటాయి, రోడ్డంతా చదునుగా ఉన్నట్టు కనపడుతుంది. అదే లైటు కింద హ్యాండిలు దగ్గరుంటే గుంత అంచు నీడ పొడుగ్గా పడి ముందే తెలుస్తుంది. కాబట్టి హెల్మెట్ లైటు రెండోది మాత్రమే, మొదటిది సైకిలుకే ఉండాలి. పారిస్-బ్రెస్ట్-పారిస్ అనే 1,200 కిలోమీటర్ల సైకిలు యాత్ర నియమాల్లో కూడా ఇదే ఉంది. లైట్లు సైకిలుకి బిగించి ఉండాలి, తల లైటుని దానికి బదులుగా ఒప్పుకోరు. మన దగ్గర 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు చేసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే.

అసలు విషయం మాత్రం ఇది. లైటుకి రెండు పనులు: మనం చూడటం, మనం కనపడటం. టార్చి మొదటి పనే చేస్తుంది. పొలం గట్టు మీద అది చాలు, పాముకి మనం కనపడక్కర్లేదు. తారు రోడ్డెక్కగానే లెక్క మారిపోతుంది. ప్రమాదం వెనకనుంచి వస్తుంది. వెనక ఎర్ర లైటు లేని సైకిలాయన, ముందు ఎన్ని ల్యూమెన్లు కొట్టినా, వెనకొచ్చే లారీకి చీకట్లో చీకటే. చరిత్ర పొడుగునా మనం ముందు లైటు గురించే ఆలోచించాం, లూకాస్ దగ్గర్నుంచి మన తువ్వాలు దాకా. వెనక లైటు ఎవరి తలకీ ఎక్కలేదు.

అందుకని నా మటుకు నాకు అనిపించేదొకటే. మనలో చాలామందికి ఊళ్ళో పాలు పోసే బాబాయో, పొలానికెళ్ళే పెదనాన్నో, తెల్లారకుండా పేపర్లు వేసే తమ్ముడో ఉంటారు. పండక్కి వెళ్ళినప్పుడు స్వీట్ల డబ్బాతో పాటు ఒక ఎర్ర లైటు, నాలుగు రిఫ్లెక్టరు స్టిక్కర్లు కూడా పట్టుకెళ్ళండి. ఇచ్చి ఊరుకోకండి, మడ్‌గార్డు వెనక మీరే కూర్చుని బిగించి రండి. "ఎందుకురా ఇవన్నీ" అంటారు. అననీండి.

చివరగా ఒక మాట. సింగరేణి వైపు వాళ్ళు, ల్యాంపు రూము గురించి మీ నాన్నలు చెప్పిన కబుర్లుంటే రాయండి. గోదావరి జిల్లాల వాళ్ళు, రాయలసీమ వాళ్ళు, మీ దగ్గర తలకి లైటు కట్టుకోవడాన్ని ఏమంటారో చెప్పండి. మా పల్నాడులో దానికి పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.